పందిరి నిండా పేలికలు

మహేశ్వరిని తప్పు పట్టేవాళ్లు ముందు మే నెల ఎండల్లో మా సోమందేపల్లె పక్కన ఒక్క సొరపాదు బతికించి, తర్వాత నాతో మాట్లాడండి. గోడ ఇవతల నుంచి నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదా! కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు, ఆఖరికి మొగుడు కాళ్లు కడుక్కున్న నీళ్లు కూడా తొట్టిలో పట్టుకుని పాదుకు మోస్తుంది. పాదు మొదలు దగ్గర తేమ ఆరకుండా ఎండుటాకులు కప్పుతుంది. ఇంత చేసినా అత్త రామలక్ష్మమ్మ నోట ఒక్క మంచిమాట రాదు. ఆ ఒక్క మాట కోసమే మహేశ్వరి ప్రాణం కొట్టుకుంటుంది.

సెలవులకు హిందూపురం నుంచి తోడికోడలు జయంతి పిల్లలతో దిగింది. మహేశ్వరి మరిది పెళ్లాం. నవ్వుమొహం, మంచి మాటకారి. వచ్చిన మర్నాడు సరదాకి రెండు చెంబుల నీళ్లు పాదుకు పోసింది. అంతే! అప్పటికే ఉన్న పిందెలు ఆ వారంలో కాయలయ్యాయి. రామలక్ష్మమ్మ ఒకదానికి గోరు గుచ్చి, ఇట్టే దిగడం చూసి, వీధంతా వినబడేలా అంది.

"ఎంత లేతగుండాదో సూడండమ్మా! మా సిన్నకోడలు చెయ్యి తగిలినాకనే పందిరికి కళ వచ్చె. చల్లని చెయ్యి దానిది."

మహేశ్వరి విసవిసా గోడ దగ్గరికి వచ్చింది. "ఇన్నావా వదినా? మోసి మోసి నా నడుము ఇరిగిపాయ. రెండు చెంబులు పోసినామెది చల్లని చెయ్యంట! నాదేమి, కాలిన చెయ్యా?"

నాకూ ఒళ్లు మండింది. ఏం చెప్పను? ముసలామెకు కళ్లు లేవులే అన్నాను.

ఆ సాయంత్రం జయంతి అడిగింది. "అక్కా, నీ చేతి సొరకాయ పులుసు తిని ఎన్ని దినాలాయనో! రేపు చేస్తావా?"

"సూద్దాంలే," అంది మహేశ్వరి.

మా వైపు విత్తనానికి వదిలిన కాయకు గుడ్డ పేలిక కడతారు. ఇక దాని జోలికి ఎవరూ పోరు, అత్తయినా సరే. పాదుకు ఒక కాయ వదిలితే మళ్లీ ఏటికి చాలు. మర్నాడు లేచి చూద్దును కదా, మహేశ్వరి పాత చీర చింపి పందిట్లో ఉన్న కాయలన్నిటికీ కట్టేసింది!

"అన్నీ ఇత్తనానికేనా?" అత్త నోరెళ్లబెట్టింది.

"మా పుట్టింటోళ్లు అడిగినారత్తా," అంది మహేశ్వరి మొహం తిప్పుకుని.

సంతలో కొన్న ఆలుగడ్డలతోనే సెలవులు గడిచిపోయాయి. కాయలన్నీ అలాగే ఉండటంతో తీగ కొత్త పిందె వేయడం మానేసింది. అయినా మహేశ్వరికి ఆ పేలికలు చూసుకుంటే కడుపు చల్లబడేది, జయంతి నవ్వు వినబడితే మళ్లీ మండేది. జయంతి చెంబు ముట్టుకోబోతే, "చుట్టానివి, కూచోమ్మా," అని లాక్కునేది.

వెళ్లేరోజు ఆటో వచ్చింది. అత్త చిన్నకోడలికి చింతపండు, శనక్కాయలు మూటగట్టి ఇచ్చింది. జయంతి ఎక్కబోతూ ఆగి, మహేశ్వరి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా పుట్టినూరు నల్లమాడలో గూడా పేలిక కడ్తారు. ఒగదానికే."

మహేశ్వరి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, జయంతి వదల్లేదు.

"నువ్వు నీళ్లు మోసేది నేను సూడలేదనుకున్నావా? హిందూపురంలో మా ఈదిలో అందరికీ నీ పందిరి గురించే చెప్పుకుంటాండా. పిల్లోళ్లకు ఆ పులుసు రుచి సూపిద్దామనుకుంటి, అంతే."

"ఆటోన్నా, రవ్వంత సేపు నిలుపన్నా!" అని మహేశ్వరి పెరట్లోకి పరుగెత్తింది. ఒక కాయకు పేలిక పీకి గోరు గుచ్చింది. దిగలేదు. ఇంకోటి పీకింది. వీధిలో ఆటో హారన్ మోగుతోంది. "ఏమే, ఆడ ఏం జేస్తాండావు?" అని అత్త కేకలు పెడుతోంది. పేలికలన్నీ కింద పడ్డాయి. ఒక్క కాయకూ గోరు దిగలేదు.