మూడో రకం కార్డు

మొన్న గ్యాస్ బండ చెప్పిన రోజుకు రాలేదు. ఎవరినీ బతిమాలకుండా నేనే ఫోనులో ఫిర్యాదు రాశాను. రాసి, ఫోను పక్కన పెట్టి, మంచినీళ్ల గ్లాసు అందుకునేలోపే టింగుమని జవాబు వచ్చింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని. అంత తొందరగా చింతించే మనిషిని ఈ వయసు వచ్చినా నేను చూడలేదు. నేను రాసింది చదవడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అంటే ఎవరూ చదవలేదు. నాకు కోపం రావాలి గాని రాలేదు. నా పాత కార్డు ఒకటి గుర్తొచ్చింది. ఒకప్పుడు నేనూ చదవకుండానే జవాబు పంపిన మనిషిని. ఆ జవాబు ఏం చేసిందో కళ్లారా చూసిన మనిషిని.

నాకు అక్షరాలు వచ్చింది నలభై రెండో ఏట. అంతవరకు మిర్యాలగూడలో బియ్యం మిల్లుల్లో పనిచేశాను. నా భర్త పోయాక సూర్యాపేటలో మరిది ఇంటికి వచ్చి పడ్డాను. పడ్డాను అనే అంటాను, అందులో మొహమాటం ఏముంది. మరిది నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. బస్టాండు దగ్గర గది కిరాయికి తీసుకొని కంప్యూటర్ నేర్పేవాడు. ఆయన భార్య, నా తోటికోడలు, మధ్యాహ్నం పూట పని అయిపోయాక నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది. పెద్దతనంలో వచ్చిన అక్షరాలు కొత్త చెప్పుల్లాంటివి. కరుస్తాయి, అయినా తీయబుద్ధి కాదు. గోడ మీద పోస్టరు, బస్సు బోర్డు, పప్పు పొట్లం కట్టిన పేపరు, కనిపించిందల్లా పైకే చదివేదాన్ని. "వదినె, బస్సుల కూసున్నోళ్లకందరికి ఆ ఊరి పేరు తెలుసు. నువ్వు సదివి చెప్పనక్కర్లే" అని మరిది తల పట్టుకునేవాడు.

అప్పట్లో ఊళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి కంప్యూటర్ ఉన్నా అందులో పెట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు. అందుకని మరిది ఒక డిస్కు తయారు చేశాడు. తెలుగులో టైపు కొట్టేది, పిల్లల ఎక్కాలు, గుంటలను ఎకరాలు చేసేది, పెళ్లి పత్రిక నమూనాలు, చదరంగం. కొన్ని ఆయన రాసినవి, కొన్ని ఊరికే పంచుకోమని ఎవరో వదిలినవి, మొత్తం ఇరవై ఆరు ప్రోగ్రాములు. డిస్కు మీద తెల్ల కోడి బొమ్మ వేయించాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. ప్రతి కవరులో మా చిరునామా అచ్చేసిన పోస్టుకార్డు ఒకటి పెట్టాడు. వాడి చూసి మీ అభిప్రాయం రాయండి అని. ఎవరు రాస్తారులే అనుకున్నాడు. రాశారు. ఒక్క తిట్టు చదివితే మరిది రెండు పూటలు అన్నం ముట్టడు. అందుకని కార్డులు చదివి జవాబులు రాసే పని నేను తీసుకున్నాను. నాకు తిట్లు కొత్త కాదు, చదవడమే కొత్త.

కోదాడ నుంచి ఒకాయన, డిస్కు గిరగిరా తిరుగుతుందండీ, తెర మీద మాత్రం ఏమీ రావట్లేదండీ అని రాశాడు. తిరగేసి పెట్టినట్టున్నారు, కోడి పైకి ఉండాలి అని రాశాను. వారానికి మళ్లీ కార్డు వచ్చింది, కోడి పైకి పెట్టామండీ, వచ్చిందండీ అని. హాలియాలో ఎరువుల దుకాణం ఆయన రేపటి వడ్ల ధర చెప్పే ప్రోగ్రాం కూడా వేయమన్నాడు. అది తెలిస్తే మాకు ఈ డిస్కుల పని ఎందుకు అని రాశాను. ఆయన మళ్లీ రాయలేదు.

కాని నా చెయ్యి మెల్లగా నడిచేది. ఒక్కో అక్షరాన్ని కూర్చోబెట్టి, దానికి దీర్ఘం తగిలించి, వెనక్కి జరిగి చూసుకుంటే తప్ప ముందుకు పోయేదాన్ని కాదు. కార్డులేమో రోజూ నాలుగైదు వచ్చేవి. అందుకని ఒక ఉపాయం చేశాను. ఆదివారం కూర్చొని ముందే జవాబులు రాసిపెట్టుకునేదాన్ని. మూడు రకాలు. మొదటి రకం, డిస్కు తిప్పి పెట్టండి. రెండో రకం, కంప్యూటర్ ఆపి మళ్లీ వేయండి. మూడో రకం, పాతది తీసేసి డిస్కు మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి, కంప్యూటర్ ఏమడిగినా సరే అనండి. కంప్యూటర్ గదికి వచ్చినవాళ్లకు మరిది చెప్పే మాటలే ఇవి. దొంతరలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టేదాన్ని. వచ్చిన కార్డులో మొదటి రెండు వరుసలు చూస్తే ఏ రకమో తెలిసేది, చిరునామా రాసి అదే రోజు పోస్టు డబ్బాలో వేసేదాన్ని. చాలామందికి పని జరిగింది కూడా. నాకు గర్వం ఎక్కింది.

ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను నేర్చింది వాచకంలో అక్షరాలు, దేనికది విడిగా నిలబడేవి. పాతకాలపు సార్లు రాసే గొలుసుకట్టు రాత నాకు చీమల బారులా కనిపించేది. చదువు రాదని నలభై ఏళ్లు చెప్పుకున్న నోరు, వచ్చిందని ఒకసారి చెప్పుకున్నాక మళ్లీ కొంత రాదని చెప్పడానికి తెరుచుకోదు.

ఆ కార్డు మఠంపల్లి దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఊరి నుంచి వచ్చింది. అంచుల దాకా కిక్కిరిసి గొలుసుకట్టు, పైగా వణికిన రాత. పై వరుసల్లో తెలుగు అక్షరాలు అన్న మాట, డబ్బాలు అన్న మాట పట్టుకున్నాను. అక్షరాలకు బదులు డబ్బాలు వస్తున్నాయంటే అది మూడో రకం. మిగతా చీమలను వదిలేసి మూడో రకం కార్డు తీసి పంపించాను. "గాయన అంతగనం రాసిండు, ఏమంటడు?" అని మరిది అడిగాడు. "అక్షరాలు వస్తలేవంటడు. జవాబు పోయింది" అన్నాను.

పది రోజులకు ఆ ఊరి నుంచే ఇంకో కార్డు వచ్చింది. ఈసారి పెన్సిలుతో, పెద్దగా, ఒకే వరుస. కూడబలుక్కొని చదివాను. అయ్యా, మీరు చెప్పినట్టే చేశాను, అంతా పోయింది.

రెండు కార్డులూ తీసుకుపోయి మరిది ముందు పెట్టాను. ఆయన మొదటి కార్డు పైకి చదివాడు. రాసినాయన రిటైరైన టీచరు. చెయ్యి వణుకుతుంది కాబట్టి బడికి ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ మీద మా డిస్కుతో తెలుగు టైపు నేర్చుకున్నాడు. ఆ ఊరు కొత్త ఆనకట్ట నీళ్లలో మునగబోతోంది. కాగితాలు లేని ఇళ్లు నలభై ఒకటి. ఎవరు ఎన్నేళ్లుగా ఎక్కడ ఉంటున్నారో, సాక్షులెవరో ఇంటింటివాళ్లనూ అడిగి కంప్యూటర్‌లో కొట్టిపెట్టాడు. విచారణ రోజున అది చూపిస్తేనే వాళ్లకు కొత్త ఊళ్లో జాగా. ప్రింటు తీయాలంటే కోదాడ పోవాలి, అన్నీ అయ్యాక ఒకేసారి తీద్దామనుకున్నాడు. ఇప్పుడు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి. చివరి వరుసలు ఇవి: డిస్కు మళ్లీ ఎక్కిస్తే నేను రాసినవాటికి ఏమైనా ప్రమాదమా, అది ఒక్కటి చెప్పండి, మీ జవాబు వచ్చేదాకా నేను ముట్టుకోను.

మరిది కార్డు బల్ల మీద పెట్టాడు.

"వదినె, గిది నువ్వు సదివినవా?"

"సగం."

"ఏ సగం?"

నేను గోడ మీది క్యాలెండరు తీసి ఆయన ముందు పెట్టాను. కార్డులో రాసిన తేదీ ప్రకారం విచారణకు ఇంకా ఏడు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడ బస్సు మారి మఠంపల్లి, ఆపైన ఆటో. దారి పొడవునా మరిది ఆ రెండు కార్డులే తిప్పి తిప్పి చదివాడు. తిట్టినా బాగుండేది. సారు మమ్మల్ని చూసి చర్చి పక్కనున్న బడి గదిలోకి తీసుకుపోయాడు. కంప్యూటర్ మీద పాత చీర కప్పి ఉంది. "ఎండన పడి వచ్చారు, ముందు కాస్త మజ్జిగ తాగండమ్మా" అన్నాడు. నేను గ్లాసు పక్కన పెట్టాను. మరిది పొద్దు వాలేదాకా ఆ యంత్రం ముందు కూర్చున్నాడు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "సార్, మళ్ల ఎక్కిస్తే ఫైళ్లుండే పాత సంచి మొత్తం ఖాళీ చేసి కొత్తది పెట్టేటట్టు నేనే చేసిన. అండ్ల ఎవరన్న ఏమన్న దాసుకుంటరని అనుకోలే" అన్నాడు.

"కొంచెం కూడా మిగల్లేదా బాబూ?"

"కొంచెం గూడ."

సారు చీర మళ్లీ కప్పాడు, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. అంచులు సర్దాడు.

ఇక చేసేదేముంది, మళ్లీ అడిగి చేత్తో రాయడమే. సారు చెయ్యి నిలవదు. మరిది ఒకవైపు, నేను ఒకవైపు చర్చి అరుగు మీద కూర్చున్నాం. ఊరంతా విసుక్కుంటూ వచ్చింది. "మొన్ననే చెప్తిమి గద, మల్లెందుకు?" అని ఒకాయన గొణిగాడు. "కంప్యూటర్ మింగిందంట" అని ఒకామె జవాబిచ్చింది. "కంప్యూటర్ కాదే, గీ సూర్యాపేటామె మింగిందంట" అని వెనక నుంచి ఇంకొకామె. "అవును, నేనే మింగిన. కూసో, మీ అయ్య పేరు చెప్పు" అన్నాను. ఆమె కూర్చుంది. నా జీవితంలో అంత రాత ముందూ లేదు, తర్వాతా లేదు. వేళ్లు బొబ్బలెక్కాయి. నాలుగు రోజుల్లో నలభై ఇళ్లు అయ్యాయి. తాళం వేసి కోతలకు పోయినవాళ్లకు కబురు పెట్టి పిలిపించారు. ప్రతి కాగితమూ చివరి అక్షరం దాకా పైకి చదివి, వేలిముద్ర వేయించాను.

నలభై ఒకటోది ఊరి చివర, ఏటి వైపు ఇల్లు. గొర్లు కాసుకునే ముసలవ్వది. సారుకు అన్నీ చెప్పిన నెల రోజులకు ఆమె చనిపోయింది. ఇంట్లో ఉన్నది కూతురు. భర్త పోయి మూడేళ్ల కిందటే తల్లి దగ్గరికి వచ్చింది. ఆ ఇల్లు ఎప్పటిదో, ఎవరి ముందు కట్టారో ఆమెకు తెలియదు. ముసలవ్వ ముగ్గురు సాక్షుల పేర్లు చెప్పింది, ముగ్గురూ గొర్ల వెంట తిరిగి ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు, ఆ ఇల్లు కట్టినప్పుడు చూసినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు. సారు కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. "ఒకాయన మిర్యాలగూడలో మిల్లు కాపలా ఉంటాడంది. పేరు నా వేళ్లతో కొట్టానమ్మా. ఈ వేళ్లతోనే కొట్టాను" అన్నాడు. పేరు గుర్తు రాలేదు.

మిర్యాలగూడ నాకు తెలిసిన ఊరు. ఐదో రోజు పొద్దున్నే పోయి మిల్లు గేట్లన్నీ తిరిగాను. నేను పనిచేసిన మిల్లు గేటు దగ్గర కూడా నిలబడ్డాను. కృష్ణ ఒడ్డు ఊళ్లో గొర్లు కాసి వచ్చిన పెద్దాయన ఎవరైనా ఉన్నాడా అని ప్రతి చోటా అడిగాను. ఒక కాపలాదారు బీడీ ఆర్పి, నా మొహం చూసి జాలిపడ్డాడు. "అక్కా, గీ గేట్ల కాడ కూసున్నోళ్లమందరం ఒకప్పుడు గొర్లో బర్లో కాసినోళ్లమే. పేరు లేకుంట యాడని దేవులాడుతవ్?" అన్నాడు. అయినా ఇంకో ఏడు గేట్లు తిరిగాను. చెప్పు తెగితే చేతిలో పట్టుకొని తిరిగాను. ఒట్టి చేతులతో బస్సెక్కాను.

విచారణ బడి ముందు పందిరి కింద జరిగింది. వచ్చిన అధికారి చెడ్డవాడు కాడు. కాగితాలు తిప్పుతూ, "ఈ రాత ఎవరిది? విడివిడిగా బాగుంది" అన్నాడు. ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. నలభై ఇళ్లకు ఒక్కో సంతకం పెట్టాడు. నలభై ఒకటో కాగితం దగ్గర ఆగి, సాక్షులెవరని అడిగాడు. సారు లేచి, పేర్లు గుర్తు లేవని చెప్పాడు. నేను లేచాను.

"ముసలామె చెప్పింది సార్. సారు రాసిండు. నేను తుడిచేసిన."

"నమ్ముతానమ్మా" అన్నాడు ఆయన. "కాని ఇక్కడ ఏమని రాయమంటారు?"

నా దగ్గర పేరు లేదు.  ఆయన ఆ కాగితం కట్టలోంచి తీసి విడిగా పెట్టాడు. అది మళ్లీ కట్టలోకి రాలేదు. సారు తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు.

జనం వెళ్లిపోయాక ముసలవ్వ కూతురు నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టనివ్వాలనే అనుకున్నాను. ఆమె పక్కన కూర్చొని, "అక్కా, సారు రాసిన కార్డు మొత్తం ఎందుకు సదవలే?" అని అడిగింది.

"ఆ రాత నాకు సదువరాదు."

మరిది పక్కనే ఉన్నాడు. ఆ మాట నా నోటి నుంచి ఆయన వినడం అదే మొదలు. ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు.

"రాదని రాస్తే అయిపోతుండె గద" అంది. "గంత పెద్ద కార్డు పంపినవ్. రాదు అని గొక్క ముక్క రాస్తే, సారు ముట్టుకోకపోతుండె."

అంతే అంది. లేచి ఇంటివైపు నడిచింది. తర్వాతి ఏడాది నీళ్లు రాకముందే ఇంటి వాసాలు విప్పుకొని మిర్యాలగూడ పోయింది, మిల్లు వెనక కిరాయి గదికి. ఏడాదికి ఒకసారి పోయి చూసి వస్తాను. టీ పెడుతుంది, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతుంది, ఆ సంగతి ఎత్తదు. ఎత్తితే బాగుండునని ప్రతిసారీ అనుకుంటాను. గది యజమాని ఖాళీ చేయమంటున్నాడని ఈసారి చెప్పింది. ఇది ఐదో గది.

గొలుసుకట్టు తర్వాత సారే నేర్పాడు. బతికి ఉన్నంతకాలం నాకు అలాగే కార్డులు రాశాడు, చదివి తీరాలని. ఇప్పుడు ఎవరి రాతైనా చదువుతాను. నాకు అన్నీ ఆలస్యంగానే వచ్చాయి. అక్షరాలు ఆలస్యమైతే నష్టపోయింది నేను. రాదు అనే ఒక్క మాట ఆలస్యమైతే ఇంకొకామె ఇల్లు పోయింది, ఎన్ని ఏళ్లు గడుస్తున్నా ఆ ఆలస్యం ఒక్క రోజు కూడా తగ్గడం లేదు.