ఇలుమినాద దెబ్బలాడిన చోటు

మా బతంగాస్ తీరంలో ఇలుమినాద నోటికి జడవని మనిషి లేడు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి, అరవై దాటాయి. పెద్దావిడ కాబట్టి అందరం అలింగ్ ఇలుమ్ అంటాం. ఏటా మే నెలలో మరియమ్మకు పూలు పెట్టడానికి వెదురు గుంజలు పాతి, కొబ్బరాకులు కప్పి పందిరి వేస్తాం, నెల కాగానే పీకేస్తాం. ముప్పై ఏళ్లుగా మొదటి గుంజ పాతేది ఆవిడే. ఒడ్డున, పనసచెట్టు పక్కన, అదే గుంటలో.

ఎందుకో ఊరందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఒక మే నెలలో ఆవిడ మొగుడు ఫెర్మిన్ పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. శవం దొరకలేదు. ఆవిడ పందిట్లోకి వెళ్లి పూలన్నీ నేలకేసి కొట్టి ప్రభువును నిలదీసింది. "నీళ్లమీద నడిచావటగా! నా మొగుడి దగ్గరికి నాలుగడుగులు వెయ్యలేకపోయావా?" గొంతు పోయేదాకా అరిచి, తర్వాత తనే పూలు ఏరి పెట్టింది. "ఆయన ఎదురు చెప్పలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. విన్నాడు," అంటుంది ఇప్పటికీ. సమాధి లేని ఫెర్మిన్‌కి కొవ్వొత్తి వెలిగించేదీ అక్కడే.

ఈ ఏడు ఊరి కెప్టెన్, అంటే మా ఊరికి సర్పంచిలాంటి క్రిసాంతో, హైవే పక్కన సిమెంటు ప్రార్థనామందిరం కట్టించాడు. ద్వారం మీద మరియమ్మ పేరు చిన్నది, అతని పేరు పెద్దది. ఇక పందిరి అక్కర్లేదంటూ పాత చోట కంకర పోయించి, బీచికొచ్చే వ్యాన్లు ఆపుకోడానికి వదిలేశాడు. ఎవడబ్బ సొమ్మని పోయించాడు? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇలుమినాద అతని అరుగెక్కింది. బడి పనిమీద వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"దేవుడు అన్నిచోట్లా ఉంటాడు, అలింగ్ ఇలుమ్," అన్నాడతను నవ్వుతూ. "ఆ చెట్టుకిందే కాపురం పెట్టాడా ఏంటి?"

"అన్నిచోట్లా ఉంటే నీకు హైవే ఎందుకురా? మీ కోళ్లగూట్లో పెట్టుకుని మొక్కకపోయావా?"

నవ్వు ఆగిపోయింది. "నా ఒక్కడి మాట కాదు. ఊరంతా సంతకాలు పెట్టింది, చూసుకో."

ఆవిడ కాగితం అందుకుని పేర్లన్నీ చదివింది. "నేను వండిన తీపన్నం తిన్న చేతులే అన్నీ," అంది. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. నా వంక చూడకుండా మెట్లు దిగిపోయింది.

ఇంతసేపూ క్రిసాంతోని తిడుతున్నాను గాని, నాలుగో సంతకం నాది. బడికి కొత్త రేకులు వేయిస్తానన్నాడు. పందిరి ఎక్కడైతే ఏంలే అనుకుని పెట్టేశాను. దొంగ చేతికి తాళాలిచ్చి కేకలేస్తే ఏం లాభం?

ఏప్రిల్ ఆఖరి రోజు పొద్దున ఆవిడ ఒక్కతే గడ్డపారతో కంకర తవ్వుతోంది. కొత్త మందిరంలోంచి మైకు పాట వినిపిస్తోంది. దగ్గరికి వెళ్లాను.

"అలింగ్ ఇలుమ్, ఆ కాగితం మీద..."

"చదవడం వచ్చులేవయ్యా నాకు," అంది తలెత్తకుండా. "నాకు చెప్పి ఏం ఉపయోగం? ఆయనకి చెప్పుకో. ఇక్కడైతే వింటాడు." గడ్డపార పక్కన పడేసి చేత్తో మట్టి తడిమింది. "పాత గుంట దొరికింది. రా, గుంజ పట్టుకో టీచరూ."

పట్టుకున్నాను. చెప్పుకోవడానికి మాత్రం నాకింకా నోరు రాలేదు.