మీటింగులో మొగుడూ పెళ్లాం

ఇవాళ మా పాప చదివే గవర్నమెంటు బడిలో పేరెంట్స్ మీటింగు. "మూడో తరగతికే ఇంత సిలబస్ ఎందుకండి? పిల్ల ఆడుకోవడమే మానేసింది" అన్నాను. వెనక బెంచీలోంచి మా ఆయన లేచి, "ఇంకా పెంచాలండి మేడమ్! కాకినాడ కాన్వెంటు పిల్లలు అప్పుడే పెద్ద పెద్ద భాగహారాలు చేసేస్తున్నారు" అన్నారు. అందరూ గొల్లుమన్నారు. "ముందు మీరిద్దరూ ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు, నవ్వాపుకుంటూ.

కాలవ గట్టు మీద బండిపై ఇంటికి బయల్దేరాం. మా మధ్యలో కూర్చున్న పాప అడిగింది: "అమ్మా, ఇంతకీ నేను బాగా చదువుతున్నానా, లేదా?"

ఆ సంగతి టీచరుగారిని మేమిద్దరం అడగనే లేదు. అప్పట్నుంచీ ఏ పని మీదా మనసు నిలవడం లేదు. మీరైతే దానికేం చెప్పేవారండి?