అందరి నోటా లిబెలూల్

ఒవీలా త్యుర్జాన్ చదివింది ఏడో తరగతి. ఆ చదువుతోనే మంచు మీద పరిగెత్తే బండిని విప్పి, దాని ఇంజను తీసి ఫైబర్ తొట్టెకు బిగించి, గుర్రంలా ఎక్కి నీళ్ళ మీద తోలే బండిని తయారుచేశాడు. పందొమ్మిదివందల అరవై ఆరు, జూలై నెల. సెంత్-ఒడీల్ సరస్సును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తొమ్మిది నిమిషాల్లో దాటాడు. వెనకాల కూర్చున్నదెవరనుకున్నారు? అంగీ మోకాళ్ళదాకా ఎత్తికట్టుకున్న మా చర్చి ఫాదరు! దిగాక ఆయన చేసిన మొదటి పని తన టోపీ ఉందో లేదో తడుముకోవడం.

నీళ్ళను అంటీ అంటనట్టు పోతోందని దానికి లిబెలూల్ అని పేరు పెట్టింది ఒవీలా భార్య రొసాల్బా. మా క్యుబెక్‌లో తూనీగను అలాగే అంటాం. పన్నెండేళ్ళలో నాలుగు వేల బళ్ళు కట్టారు. పందాల్లో పదకొండు కప్పులు తెచ్చారు. షెడ్డులో పదహారుమంది పనివాళ్ళుంటే, ఏ చలికాలంలోనూ ఒక్కడిని కూడా ఒవీలా ఇంటికి పంపలేదు. మా జిల్లాలో అంతటి మనిషి ఇంకొకడు ఉంటే చూపించమనండి.

డెబ్బై ఎనిమిది వసంతంలో, సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా కరగక ముందే, నగరంలోని ఓ పెద్ద కంపెనీ ఎర్రరంగు బళ్ళు అమ్మకానికి పెట్టింది. వాటి పక్కల మీద ఇంతేసి అక్షరాలతో 'లిబెలూల్' అని రాసి ఉంది. బండి కట్టే పద్ధతిని ఎవరైనా నేర్చుకోవచ్చు, దాన్ని ఆపలేం. ఒవీలా పేరున రిజిస్టరైనది ఆ పేరొక్కటే. దానికోసమే కంపెనీ మీద కేసు వేశాడు. అది నిలిస్తే కంపెనీ తన రాతలు చెరిపేసుకోవాలి. పోతే, అంత పెద్ద కంపెనీ ముందు పదహారుమంది షెడ్డు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

విచారణకు ముందురోజు ఒవీలా తరపు లాయరు కొలొంబ్ దెషెన్ ఒవీలా ఇంట్లో కూర్చుని చెప్పింది.

"త్యుర్జాన్ గారూ, ఒక్కటే జాగ్రత్త. ఊరికే లిబెలూల్ అనకండి. లిబెలూల్ మార్కు నీటిబండి అనండి. బండి వేరు, మార్కు వేరు."

"అదేంటమ్మా! కన్నబిడ్డని ఫలానా మార్కు పిల్లాడని పిలుస్తామా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు," అంది రొసాల్బా. "లాయరమ్మ చెప్పినట్టు చెప్పి, నోరు మూసుకుని రా."

మూసుకున్నాడా? ఆ మర్నాడు విచారణ గదిలో కంపెనీ తరపు లాయరు, తల నెరిసిన మనిషి, అల్లుణ్ణి పలకరించినంత మెత్తగా అడిగాడు. "మీ బండికి చాలా పేరుందని విన్నాం. నిజమేనా?"

ఒవీలా ఛాతీ పొంగింది. "పేరా? ఈ రాష్ట్రంలో నీటిబండి అనేవాడే లేడండీ! ఏ కంపెనీదైనా సరే, జనం లిబెలూల్ అనే అంటారు. మా పక్కూరివాడు జపాను బండి కొని, 'ఒవీలా మావా, లిబెలూల్ కొన్నాను, చూద్దువుగాని రా' అన్నాడు. జపాను బండి!"

కొలొంబ్ చేతిలో కలం ఆగిపోయింది.

"ఏమైనా రుజువుందా?"

ఒవీలా సంచిలోంచి ఆల్బం తీశాడు. అది తెచ్చిన సంగతి లాయరమ్మకు తెలియదు. చర్చి రేవులో తాటికాయంత అక్షరాలతో ఉన్న బోర్డు ఫోటో చూపించాడు. 'పూజ వేళ లిబెలూల్‌లు తోలరాదు.'

"ఇది ఎవరు రాశారండీ?"

"ఇంకెవరు, నేనే! మా షెడ్డు రంగు, నా కుంచె. ఫాదరు అడిగితే కాదంటానా?"

"ఇది మీ బళ్ళకేనా?"

"భలేవారే! అన్నిటికీ. పరాయి బళ్ళవాళ్ళు మాత్రం పూజ పాడుచేయరూ?"

"నేను అడగాల్సింది ఇంకేం లేదండీ," అని ఆయన కూర్చున్నాడు. చాలా గొప్పగా చెప్పానని ఒవీలా కొలొంబ్ వైపు తిరిగాడు. ఆమె కలానికి మూత పెట్టేసింది.

ఆరు వారాల తరువాత తీర్పు చదివారు. ఆ మాట ఆ రకం బళ్ళన్నిటికీ పేరైపోయిందనీ, ఆ సంగతి హక్కుదారే స్వయంగా చెప్పాడనీ, ఇకమీదట దాన్ని ఎవరైనా వాడుకోవచ్చనీ.

ఒవీలా లేచి నిలబడ్డాడు. "నా బండికి పేరొచ్చిందని నా పేరు లాగేసుకున్నారా?"

"మీరే చేతిలో పెట్టారండీ," అంది కొలొంబ్ నెమ్మదిగా.

ఒవీలా సెంత్-ఒడీల్ చేరేసరికి చర్చి హాల్లో దీపాలు వెలుగుతున్నాయి. బల్లల మీద మాంసం కూరిన పై రొట్టెలు ఆవిర్లు కక్కుతున్నాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది.

"రేడియోలో చెప్పార్రా ఒవీలా!" అంటూ ఫాదరు కౌగిలించుకున్నాడు. "లిబెలూల్ దేశమంతటిదీ అని పెద్ద అధికారులే ఒప్పుకున్నారట!"

ఒవీలాను ఎవరో కుర్చీ లాగి కూర్చోబెట్టారు. రొసాల్బా ఒక్కతే ఏడుస్తోంది. షెడ్డు మేస్త్రి ఫెరియోల్ పళ్ళెం పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, సోమవారం పన్నెండు బళ్ళు బయటికెళ్ళాలి. ఇప్పుడు వాటిమీద ఏం పేరు వేయమంటారు?"

ఒవీలా జవాబు చెప్పేలోపే ఫాదరు పకపకా నవ్వాడు.

"ఏం పేరేమిట్రా వెర్రివాడా! లిబెలూల్‌ని లిబెలూల్ అనక ఇంకేమంటారు?"