నల్ల చేప బతికిన చలికాలం

మా బావకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన కొన్నాళ్లకు, ఎల్బీనగర్‌లో వాళ్ల హాల్లోకి ఒక చేపల తొట్టి వచ్చింది. తెచ్చింది మా అక్క. తెమ్మని చెప్పింది పక్కింటావిడ. ఇంటికి ఈశాన్యంలో నీళ్లుండాలి, ఆ నీళ్లలో ఎర్ర చేపలు కొన్ని, నల్లది ఒకటి ఉండాలి, యజమాని మీదున్న పీడను ఆ నల్లది తన మీదికి లాక్కుంటుంది. అది చస్తే బాధపడకూడదట, ఒక గండం దిగిపోయినట్టట. వెంటనే ఇంకో నల్ల చేపను తెచ్చి వెయ్యాలట.

నేను ఊరి నుంచి తిరిగి వచ్చి ఆ తొట్టిని చూసేసరికే కొన్ని గండాలు దిగిపోయాయి. బావ మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

బావది పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. గద్దె మీద కూర్చుని కుడిచేత్తో ఒక్క విసురు విసిరితే చీర అంచు నుంచి కొంగు దాకా పరుచుకునేది. మాటలోనూ అదే విసురు. పండక్కి ఇంటికి పోతే చుట్టాలందరి ముందూ నన్ను చూపించి, "మా బామ్మర్ది దేవుణ్ణి నమ్మడు, గాని దేవుని ముచ్చట తియ్యకుండ ఒక్క పూట ఉండలేడు" అనేవాడు. నేను రాసిన వ్యాసాల్లో దేన్నీ అంత క్లుప్తంగా ఎవరూ విమర్శించలేదు. ఇప్పుడు ఆ నోట మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. దుకాణం తమ్ముడు చూసుకుంటున్నాడు. కుర్చీ తొట్టికి ఎదురుగా వేశారు. రోజంతా ఆయన చూసేది దాన్నే.

ఒక ఆదివారం మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి వెళ్లాను. తొట్టిలో ఆ నల్ల చేప, మోలీ అనే రకం, ఒక మూల నిలబడి ఉంది. ఈదడం లేదు. ఉన్నచోటనే ఒళ్లు అటూ ఇటూ ఊపుతోంది. అంతలో పక్కింటావిడ గిన్నెలో పప్పు పట్టుకుని వచ్చింది. గుంటూరు వైపు మనిషి, మంచి మనిషి, బావతో అక్క ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ వీళ్లింటికి వండి పంపింది.

"చూశారా వదినగారూ, ఎలా కొట్టుకుంటోందో. అన్నయ్యగారిదంతా లాగేస్తోందండీ పాపం. రేపోమాపో పోతుంది. మంచిదే."

అక్క చేపకు దండం పెట్టింది. నేను బావను చూశాను. ఎడమచెయ్యి కుర్చీ పట్టెను పిడికిలిగా పట్టుకుని ఉంది.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "చేప పోయింది తమ్మీ. మీ బావ ముద్ద ముట్టలే. కసరత్తు చేపిచ్చే పిలగాన్ని గుడ వాపస్ పంపిండు. చేప పోయినప్పుడల్ల గిట్లనే చేస్తడు."

కసరత్తు ఆగితే కాలు శాశ్వతంగా బిగుసుకుపోతుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. సాయంత్రం వెళ్లి బావ పక్కన కూర్చున్నాను. ఎందుకు తినలేదని అడిగాను. చాలాసేపు వెతుక్కుని, ఒక్కో మాట బయటికి తీశాడు.

"నా కోసం... సచ్చింది." మళ్లీ కొంచెం ఆగి, "నేను... పోవాల్సింది."

మూఢనమ్మకాల మీద చాలా సభల్లో మాట్లాడాను. వాటివల్ల డబ్బు పోతుందనీ, కాలం పోతుందనీ, వైద్యం ఆలస్యమవుతుందనీ చెప్పేవాణ్ణి. ఇలా ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, నీ బదులు ఇంకొకటి చచ్చిందని వారం వారం చూపించి, బతికున్నందుకు సిగ్గుపడేలా చేస్తాయని ఏ సభలోనూ చెప్పలేదు. ఆ పని చేస్తున్నది ఆయన మీద ప్రాణం పెట్టుకున్న మనిషే.

వంటింట్లో అక్కతో గొడవ పడ్డాను. గొంతు కూడా లేచింది. ఆమె గిన్నె తోముతూనే అంతా విని, నీళ్లు కట్టేసి ఇటు తిరిగింది.

"అయ్యిందా ఉపన్యాసం? దేవుడు లేడన్నవ్, సరే. డాక్టర్ ఏమన్నడు, చూద్దాం అన్నడు. మందులిచ్చెటోడు చూద్దాం అన్నడు. నువ్వు గుడ వచ్చి చూసి పోతున్నవ్. అందరు చూస్తనే ఉన్నరు. మరి నేనేం జెయ్యాలె? నా చేతులు ఊకుంటలేవు తమ్మీ."

ఆమె నమ్మకాన్ని తీసెయ్యడానికి వచ్చాను కానీ, ఆ ఖాళీ అయిన చేతుల్లో పెట్టడానికి ఏమీ తేలేదు.

అందుకని వాదన మానేసి తొట్టిని చూడటం మొదలుపెట్టాను. చావును శుభం చేసుకున్న ఇంట్లో కారణాన్ని ఎవరూ వెతకరు. చేప ఎందుకు చచ్చిందో ఆ ఇంట్లో అంతవరకు ఒక్కరూ అడగలేదు. ఏం చేస్తున్నావో వరసగా చెప్పమంటే అక్క గర్వంగానే చెప్పింది. ప్రతి శుక్రవారం ఇల్లు కడిగాక తొట్టిలో నీళ్లన్నీ పారబోస్తుంది. రాళ్లు రుద్దుతుంది. ఫిల్టర్లో స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండుతుంది. క్లోరిన్ వాసన కొట్టే కొత్త నీళ్లు నిండా పోసి, చిటికెడు పసుపు వేస్తుంది.

చేపలను చంపుతున్నది ఆ శుభ్రమే. చేప విసర్జించేది ఆ నీళ్లలోనే విషంగా మారుతుంది. దాన్ని తిని విరిచే సూక్ష్మజీవులు స్పాంజికి పట్టిన జిగురులో ఉంటాయి. మనం మురికి అనుకునేది వాటి ఇల్లు. దాన్ని క్లోరిన్ నీళ్లతో కడిగితే ఆ జీవులు పోతాయి, విషం మిగులుతుంది. దానికి తోడు డిసెంబరు. కిటికీ కింద, బండల నేల మీద ఆ తొట్టి. ఒక పొద్దున థర్మామీటరు ముంచి చూస్తే ఇరవై డిగ్రీలు కూడా లేదు. మోలీకి ఇరవై అయిదు దాటితేగాని బాగుండదు. చలికి అది ఈదలేక నిలబడి ఒళ్లు ఊపుతుంది. పీడను లాగడమని అందరూ దండం పెట్టింది ఒక ప్రాణి వణుకుకి.

దిల్‌సుఖ్‌నగర్‌లో అక్వేరియం షాపుకు వెళ్లి హీటర్ అడిగితే దుకాణదారు నవ్వాడు.

"హైదరాబాద్ల హీటర్ ఎందుకు సార్? మనదేమన్న కశ్మీరా? కరెంటు బిల్లు తప్ప ఏం రాదు. చేప పోతె ఇంకోటి కొనుక్కపోండ్రి, అగ్గువనే."

ఆయన వ్యాపారం ఆయనది. ఫిల్టర్లు చూపించమన్నాను. వెనక అంచుకు తగిలించేది అందంగా ఉంది, నీళ్లు చిన్న ధారగా దూకుతాయి. కానీ దాని లోపలి దిండు మురికైతే తీసి పారేసి కొత్తది పెట్టాలట. మా అక్క చేతికి పారేసే వీలున్న వస్తువు ఇవ్వకూడదు. ఇంట్లో ఉన్న మోటారు ఫిల్టర్ ఆ చిన్న తొట్టికి ఎక్కువ, బలం లేని చేపను గోడకు తోసేస్తోంది. చివరికి గాలి పంపుతో నడిచే ఉత్త స్పాంజిది తీసుకున్నాను. చూడ్డానికి ఏమీ ఉండదు. బుడగలు పైకి పోతుంటాయి, నీళ్లు మెల్లగా స్పాంజి గుండా పోతుంటాయి, సూక్ష్మజీవులకు కావలసినంత చోటు.

హీటర్‌కి ఇంకాసేపు పట్టింది. దుకాణదారు పెద్దది ఇవ్వబోయాడు. పెద్దది ఎప్పుడైనా ఆగకుండా పని చేస్తే చిన్న తొట్టి ఉడికిపోతుంది, చిన్నదైతే మనం గమనించేంత వ్యవధి ఇస్తుంది. చిన్నవాటిలో రెండు ఒకే రకంగా ఉన్నాయి. ఒకదానికి, పనిచేస్తున్నట్టు తెలిపే దీపం పైమూత మీద ఉంది. రెండోదాని దీపం గాజు గొట్టం లోపల, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపించేలా ఉంది. ఆ రెండోది కొన్నాను.

ఆదివారం కొత్త నల్ల మోలీతో పాటు అన్నీ బిగించి, బావకు దీపం చూపించాను. "బావా, నీళ్లు చల్లబడితే ఇది వెలుగుతది, వేడెక్కితే ఆరుతది. ఎంతకూ ఆరకపోయినా, పొద్దుగాల అసలు వెలగకపోయినా అక్కకు చెప్పు." ఆయన ఎడమచేత్తో కుర్చీ పట్టె మీద రెండుసార్లు కొట్టి చూపించాడు. అది చాలన్నాను.

అక్కకు ఇచ్చిన పని ఆమెకు నచ్చలేదు. శుక్రవారం మూడో వంతు నీళ్లే తియ్యాలి. ముందు రోజే బకెట్లో పట్టి నిలవ ఉంచిన నీళ్లే పొయ్యాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన ఆ నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టాలి. పసుపు వద్దు. చెయ్యి పెట్టేముందు హీటర్ స్విచ్ తియ్యాలి, లేకపోతే షాక్ కొట్టవచ్చు, నీళ్లు తగ్గితే గాజు పగలవచ్చు.

"మురికి నీళ్లల్ల పిండితె అది కడుగుడా?" అంది.

"కాదు. బతకనిచ్చుడు."

"నీకు మాటలకేం కమ్మి లేదు" అంది, కానీ చేసింది.

చలి ముదిరింది. చేప చావలేదు. మూలలోంచి బయటికి వచ్చి ఎర్రవాటితో తిరగసాగింది. నేను లోపల్లోపల గెలిచాననుకుంటున్న రోజుల్లో అక్క నన్ను బాల్కనీలోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"గీ చేప చస్తలేదు తమ్మీ. మరి మీ బావ మీదున్నది ఎటు పోతది?"

ఆమె ముఖంలో ఉన్నది భయం. చేపలు చచ్చినన్ని రోజులూ బావ లేచి నడిచాడా అక్కా అని అడిగాను. తర్కం సరైనదే. ఆమెకు అది తాకలేదు. పక్కింటావిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "అది నిండిపోయి ఉంటుందండీ. మార్చెయ్యండి. దీన్ని షాపులో ఇచ్చేసి కొత్తది తెచ్చుకోండి, సరిపోతుంది."

తర్వాతి వారం నేను లోపలికి అడుగుపెట్టేసరికి అక్క చిన్న వల పట్టుకుని తొట్టి ముందు నిలబడి ఉంది. పక్కన నీళ్లు పోసిన కవరు. బావ కుర్చీ పట్టె మీద కొడుతున్నాడు. రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు, ఆగకుండా. అక్క దీపం వైపు చూసింది. "మంచిగనే వెలుగుతుంది గదా, ఏమైంది?" అంది.

బావ తల అడ్డంగా ఊపాడు. మాట కోసం మెడ నరాలు బిగిశాయి.

"దానికి... ఎందుకు?" అన్నాడు. ఎడమచేత్తో తన కుడిచేతిని పైకెత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాది... నాకే... ఉండనీ."

దేవుణ్ణి ఏనాడూ విడవని మనిషి, తన బాధను ఇంకో ప్రాణి మీద వెయ్యనని చెప్పాడు. నా వాదాలన్నీ చేరాలనుకున్న చోటు అదే. అక్క వలను కిటికీ మీద పెట్టేసి, కవర్లో నీళ్లను కరివేపాకు కుండీలో పోసి, వంటింట్లోకి పోయింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు.

ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. ఆ చలికాలం తర్వాత బావ కర్ర పట్టుకుని హాలు దాటి బాల్కనీ దాకా నడవగలిగాడు. కుడిచెయ్యి రాలేదు. చేప బతికింది కాబట్టి ఆయన నడిచాడని రాస్తే నాకూ పక్కింటావిడకూ తేడా ఉండదు. చేప బతికింది హీటర్ వల్ల, కడగని స్పాంజి వల్ల. బావ నడిచింది కసరత్తు మానకపోవడం వల్ల. మధ్యలో ఉన్నదల్లా ఒక్కటే, చచ్చిన చేప ముందు కూర్చుని అన్నం మానేసిన రోజులు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఆ చేప వేసవినీ వానాకాలాన్నీ చూసింది. మళ్లీ చలి వస్తుండగా ఒక ఆదివారం నేనుండగానే అడుగున వాలి, లేవలేదు. వెనకటి చేపలు చచ్చినప్పుడు అక్క వాటిని ముట్టుకునేది కాదు. పాత గుడ్డతో తీయించి, దూరంగా నాలుగు దార్లు కలిసే చోట వేయించేది. ఈసారి తొట్టి ముందు వంగి చాలాసేపు చూసి, నావైపు తిరిగింది.

"ఎందుకు సచ్చింది తమ్మీ?"

థర్మామీటరు చూశాను. సరిగ్గానే ఉంది. బుడగలు వస్తున్నాయి. మిగతా చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

"తెల్వదక్కా. ముసలిదైందేమో."

"నీకు గుడ తెల్వదా?" అంది. కుర్చీలోంచి బావ నవ్విన చప్పుడు వినిపించింది.

అక్క చీర కొంగు దోపుకుంది. హీటర్ స్విచ్ తీసి, దీపం ఆరిందో లేదో చూసి, ఆ తర్వాత నీళ్లలో చెయ్యి పెట్టి చేపను అరచేతిలోకి తీసుకుంది.