గుడ్లకు ఎలాస్టిక్ కట్టిన అత్తయ్య

మా అత్తయ్య దర్జీ కొట్లో గుండీ జారిపడితే ఎవరూ వంగి వెతకరు. అది దానంతట అదే దొర్లుకుంటూ వెళ్ళి అంచు వైపు గోడ మూలన ఆగుతుంది. పనంతా అయ్యాక అన్నిటినీ ఒకేసారి చీపురుతో ఊడ్చుకుంటే సరిపోతుంది. నా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. గుండీ పడ్డచోటే ఉండేది. మా వీధి వాలుతోందని మాకు మొదట చెప్పింది ఆ గుండీలే.

మేముండేది గాలిలో తేలే దీవి. దీన్ని పైకెత్తి పట్టుకున్నది అడుగున అల్లుకున్న తీగ. దానికి గుమ్మడికాయలంత కాయలు గుత్తులు గుత్తులుగా కాస్తాయి. వాటిలో గుజ్జుండదు, గింజలుండవు, గాలికన్నా తేలికైన గాలి ఒక్కటే ఉంటుంది. గాలికాయలంటాం. వాటికి బియ్యపు గింజంత పురుగొకటి పడుతుంది. అది చిల్లు పెట్టిన కాయ రెండు రోజుల్లో తోలుసంచిలా వేలాడుతుంది. ఆ పురుగును ఏరి తినే పిట్ట ఒకే ఒకటి. బూడిదరంగు, నలుపు, గోధుమరంగు ఈకలు ముక్కలుగా అతికి కుట్టినట్టుంటాయి కాబట్టి దాన్ని బొంతపిట్ట అంటాం. అదైనా తన కోసం పురుగు పట్టదు. తనకు పళ్ళు చాలు. పిల్లలకు పెట్టడానికే పురుగులు వేటాడుతుంది. పిల్లలు లేని ఏడాది నాలుగు పళ్ళు తిని తన దారిన తాను పోతుంది.

బొంతపిట్ట గుడ్డు కూడా తేలుతుంది. పెట్టి వదిలేస్తే నేరుగా ఆకాశంలోకి పోతుంది. అందుకని పిట్ట తన నోటి జిగురుతో దారం తీసి గుడ్డును గూటికి కట్టేస్తుంది. మేతకు వెళ్ళినప్పుడు గుడ్డు దారం చివర ఊగుతూ ఉంటుంది. తిరిగొచ్చి దాని మీద కూర్చుని, బరువుతో కిందికి అదిమి పొదుగుతుంది. లోపల పిల్ల పెరిగేకొద్దీ గుడ్డు బరువెక్కుతుంది. పొదగడం మొదలైన నలభై రోజులకు దారం వదులై గుడ్డు తనంతట తాను గూట్లోకి దిగుతుంది. ఆ రోజే పిల్ల పెంకు పగలగొడుతుంది.

ఆ జిగురు ఊరాలంటే పిట్ట జిగురుతీగ పూల తేనె తాగాలి. మా వీధిలో పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళ ప్రహరీల మీదా ఆ తీగ ఉండేది. దాన్ని వేళ్ళతో సహా పీకించింది మా అత్తయ్యే.

కారణం ఒక కోటు. ఎవరో పెళ్ళికొడుక్కి తెల్ల కోటు కుట్టి, ఇస్త్రీకి ముందు తడి ఆరడానికి ప్రహరీ దగ్గర తగిలించింది. గాలికి తీగ దాని వీపంతా అంటుకుంది. లాగితే తీగ ఊడింది గానీ పువ్వులు కోటుకే ఉండిపోయాయి. మర్నాడే అత్తయ్య కత్తెర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆరేసిన బట్టలన్నిటికీ ఈ జిగురంటి విసిగిపోయి ఉన్నారేమో, అందరూ సంతోషంగా పీకేశారు. రొట్టెల పిన్ని అయితే పీకిన తీగను పొయ్యిలో పెట్టి, "పీడా వదిలింది వదినా!" అంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తెలియడానికి ఏడాది పట్టింది.

మరుసటి ఏడాది ఒక పొద్దున ప్రహరీ వెనక నుంచి గుడ్లు పైకి లేవడం మేమందరం చూశాం. తెల్లగా, మెల్లగా, ఒకటి, ఇంకొకటి. పిల్లలం చప్పట్లు కొట్టాం. అత్తయ్య మాత్రం పళ్ళ మధ్య సూది అలాగే పెట్టుకుని, అవి కనబడనంత పైకి పోయేదాకా గుమ్మంలో నిలబడింది.

ఆ తరువాతి సంవత్సరం గుండీలు దొర్లడం మొదలైంది. దాంతోపాటే రంపం సారు వచ్చాడు. దీవి అంచులు చూసే ఆఫీసులో అధికారి ఆయన. చెడిన అంచు మిగతా దీవిని కిందికి లాగకుండా కోసి వదిలేసే అధికారం ఆయన చేతిలో ఉంది కాబట్టి ఆ పేరు. మనిషి మెత్తగానే మాట్లాడతాడు. అత్తయ్య కొట్టు వీధి చివరిది కాబట్టి ఆమె కిటికీ గట్టు మీద నీళ్ళ గిన్నె ఒకటి బిగించాడు. గిన్నె లోపల, పై అంచుకు వేలెడు కింద ఎర్ర గీత గీశాడు.

"వీధి వాలి నీళ్ళు ఈ గీతను తాకితే కోసేయాలమ్మా. పదకొండు ఇళ్ళకీ వేరే చోటు చూపిస్తాం."

"ఈ వీధి ఇక్కడ్నించి పోదు సార్," అంది అత్తయ్య.

"గీత మీ మాట వినదు కదమ్మా."

"పిట్టలు వింటాయి. వాటి గుడ్లు నేను కడతాను."

మావయ్య పక్కనే ఉన్నాడు. ఆయన దీవికీ దీవికీ మధ్య ఇనప తీగమీద నడిచే తొట్టిలో ఉత్తరాలు చేరవేసే మనిషి. రోజంతా గాలితో మాట్లాడి మాట్లాడి ఇంటికొస్తే ఊరుకోలేడు. "సార్, ఈవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మీరు కాగితం మీద మూడని రాసేసుకోండి, పని తేలికవుతుంది," అన్నాడు.

"మీరు నవ్వండి," అంది అత్తయ్య. "పీకించింది నేను. కట్టాల్సిందీ నేనే."

గూళ్ళు ప్రహరీకి అవతలి ముఖాన, రాళ్ళ సందుల్లో ఉంటాయి. దాని కింద మబ్బులు తప్ప ఇంకేమీ లేవు. అత్తయ్య నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస కుట్టుమిషను ఇనుప కాలికి బిగించింది. మిషను కదలకుండా మావయ్యను దాని మీద కూర్చోబెట్టింది.

"చూడు, నేను తుమ్మినా నువ్వు పోతావు," అన్నాడు ఆయన.

"పోతే మీ తొట్టిలోనే ఉత్తరం పంపిస్తాలెండి."

ఆ ఏడాది ఆమె గుడ్లను కాజాలు కుట్టే దారంతో కట్టింది, మూడు పేటలు పెనవేసి. గుడ్డుకు చిన్న వల అల్లింది, వల అడుగు నుంచి గూటికి ముడి. ఏనుగు లాగినా తెగని దారం. ఒక్క గుడ్డు కూడా ఎగిరిపోలేదు. వీధి వీధంతా ఆమెను మెచ్చుకుంది. నలభై రోజులు గడిచాయి. ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. పిట్టలు పళ్ళు తిని వెళ్ళిపోయాయి. కిటికీలో నీళ్ళు గీత వైపు అర వేలు జరిగాయి.

గూళ్ళలో మిగిలిపోయిన ఆ గుడ్లను అత్తయ్య ఇంటికి తెచ్చి ఒక్కొక్కటీ పగలగొట్టి చూసింది. ప్రతిదాంట్లోనూ పిల్ల ఒకవైపు పెంకుకు అంటుకుని ఉంది. అత్తయ్య చేతులు కడుక్కుని మళ్ళీ తాడు కట్టుకుంది. ఎప్పటిదో పాత గూట్లో పిట్ట వదిలేసిన జిగురుదారం మూరెడు దొరికితే కొట్లోకి తెచ్చి టేపు పక్కన పెట్టింది. లాగితే అది రెండు మూరలైంది. వదిలితే టప్పున మూరెడైంది.

"ఏమండీ, ఇది దారం కాదండీ!" అని అరిచింది లోపలికి. "ఎలాస్టిక్ ఇది!"

తెగకుండా పట్టుకోవడం ఒక్కటే చాలదని ఆమెకు అప్పుడు అర్థమైంది. గాలి వీచినప్పుడల్లా గుడ్డు పైకీ కిందికీ ఊగాలి. ఊగకపోతే పిల్ల ఒకే పక్కకు ఒరిగి అంటుకుపోతుంది. ఆమె కట్టిన దారం గుడ్డును బిగదీసి మేకులా నిలబెట్టింది. పాతికేళ్ళ దర్జీ పనిలో ఏ నడుముకూ ఊపిరాడనంత బిగువు కుట్టని మనిషి గుడ్డుకు కుట్టింది.

రంపం సారును ఇంకొక్క ఏడాది గడువు అడిగింది. ఆయన గిన్నెలోకి తొంగిచూసి, "గీత తాకనంత వరకే," అన్నాడు.

తరువాతి ఏడాది పిట్టలు వచ్చేలోపు అత్తయ్య ఎలాస్టిక్ కోసం వీధి మీద పడింది. కొత్తది పనికిరాదు, మరీ బిగువు. వాడి వాడి మెత్తబడ్డదే కావాలి. పాత లంగాలు, నిక్కర్లు, పైజామాలు అన్నీ ఆమె కత్తెర కిందికి వచ్చాయి. కాదన్నవాళ్ళవి కూడా రిపేరుకు వచ్చినప్పుడు ఆమె ఊరుకోలేదు. ఎలాస్టిక్ లాగేసి బొందు ఎక్కించి ఇచ్చేసింది. ఆ నెలలో మా వీధి మొత్తం ఒక చేత్తో నడుము పట్టుకునే నడిచింది. రంపం సారు కూడా ఒకరోజు కొట్టు గుమ్మంలో ఆగి, "ఏమ్మా, నా పైజామాకి ఈ బొందేంటి? ముడి పడి చస్తున్నా," అన్నాడు.

"బొందు మన్నుతుంది సార్," అంది అత్తయ్య తలెత్తకుండా.

తొమ్మిది గుడ్లు కట్టింది. మొదటి వారంలోనే రెండు పోయాయి, ఎలాస్టిక్ మరీ పాతదై తెగిపోయి. ఏడు మిగిలాయి. వేళ్ళతో ఒక్కొక్క ఎలాస్టిక్ మీటి, ఎంత లాగుతోందో రోజుకు మూడుసార్లు చూసేది. చూసింది కొలతల పుస్తకంలో రాసేది. ఎవరిదో ఛాతీ ముప్పై ఎనిమిది, ఎవరిదో చెయ్యి ఇరవై మూడు, వాటి కింద "నాలుగో గుడ్డు, గట్టిగా" అని ఉండేది.

నలభయ్యో రోజున రంపం సారు ఇద్దరు రంపం మనుషులతో వచ్చాడు. గిన్నెలో నీళ్ళకూ గీతకూ మధ్య దారప్పోగంత సందు. ఏడు ఎలాస్టిక్‌లూ ఇంకా బిగువుగానే ఉన్నాయి. రొట్టెల పిన్ని అప్పటికే పెనాలు, మూకుళ్ళు మూట కట్టేసింది.

"నలభై రోజులైందమ్మా," అన్నాడు సారు. "పోయినేడాది లాగే."

"కాలేదు సార్. ముప్పై అయిదే అయింది."

"నాకు లెక్కలు రావంటావా?"

"మీకు కట్టిన రోజే తెలుసు. కూర్చున్న రోజు నాకు తెలుసు." అత్తయ్య కొలతల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "నా చేతి వాసనకి పిట్టలు అయిదు రోజులు గూటి దరిదాపుల్లోకి రాలేదు. చూడండి, ఇక్కడ. 'రాలేదు', 'రాలేదు', 'దూరంగా కూర్చుంది'. ఆరో రోజు 'పొదుగుతోంది'. పొదగని రోజు పొదిగిన రోజవుతుందా సార్? గుడ్డ కొని బీరువాలో పెడితే చొక్కా అయిపోదుగా!"

సారు పుస్తకం తిరగేశాడు. అందులో ఆయన నడుము కొలత కూడా ఉంది. చటుక్కున పేజీ తిప్పేశాడు.

"అయిదు రోజులు," అన్నాడు చివరికి. "ఆలోపు గీత తాకితే మాత్రం నన్నేమీ అనకూడదు."

ఆ అయిదు రోజులూ అత్తయ్య ఒక్క గిరాకీనీ వెనక్కి పంపలేదు. కొట్టు సర్దలేదు. నేను పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతుంటే చూసి, "తీసెయ్, మళ్ళీ సర్దలేక చస్తావు," అంది. మావయ్య తొట్టికి సెలవు పెట్టి మిషను మీదే కూర్చున్నాడు. తుమ్ము వచ్చినప్పుడల్లా ముక్కు నలుపుకున్నాడు.

నలభై అయిదో రోజు పొద్దున రంపం మనుషులు వచ్చి కొట్టు అరుగు మీద కూర్చున్నారు. సారు గిన్నె పక్కన నిలబడ్డాడు. నీళ్ళు గీతను తాకాయో లేదో ఆయనకు ఒకలా, ఆయన మనుషులకు ఒకలా కనబడుతోంది. అత్తయ్య తాడు కట్టుకుని గోడ ఎక్కింది. ఒకటో గుడ్డు, బిగువు. రెండు, బిగువు. మూడో దాని దగ్గర చాలాసేపు ఆగింది.

"ఏమైందోయ్?" అన్నాడు మావయ్య మిషను మీది నుంచి.

ఆమె గోడ మీదికి తలెత్తింది. "సార్," అంది. "ఇలా రండి. చెయ్యి చాపండి."

సారు బోర్లా పడుకుని ప్రహరీ మీది నుంచి చెయ్యి కిందికి చాపాడు. అత్తయ్య ఆయన వేలు పట్టుకుని ఎలాస్టిక్ మీద పెట్టింది. అది బిగువు లేకుండా, తడిసిన అల్లికనూలులా వేలాడుతోంది. గుడ్డు గూట్లో కూర్చుని ఉంది. ఆయన వేలు కిందే టక్ అని చిన్న చప్పుడైంది. మళ్ళీ టక్.

"ఇది... లోపల..." అన్నాడు ఆయన.

"అవును సార్. తమరి పైజామాదే ఆ ఎలాస్టిక్."

అరుగు మీద రంపం మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత ఇక ఆపుకోలేకపోయారు. సారు చాలాసేపు పైకి లేవలేదు. నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో వీపు చూసి చెప్పలేం. లేచాక మాత్రం జేబులోంచి రుమాలు తీసి వేలు తుడుచుకుని, "బొందు మన్నుతుందన్నావు కదమ్మా," అన్నాడు. "మన్నుతోందిలే."

ఏడిట్లో నాలుగు పిల్లలయ్యాయి. మూడు కాలేదు. ఆ నాలుగు గూళ్ళ పిట్టల జంటలే చీకటి పడేదాకా వీధి కిందికి దూకి, ముక్కు నిండా పురుగులతో పైకి వచ్చాయి. రంపం మనుషులు వారంపాటు రోజూ వచ్చి గిన్నె చూశారు. నీళ్ళు గీత దగ్గరే ఆగాయి. గీత దాటలేదు, వెనక్కీ పోలేదు. పదో రోజున రంపాలు బండి మీద వేసుకుని వెళ్ళిపోయారు. రొట్టెల పిన్ని మూట విప్పుతూ, "అన్నీ సొట్టలే వదినా, అనవసరంగా కట్టాను," అని అత్తయ్యనే తిట్టింది.

అంతటితో పని అయిపోలేదు. దూరపు దీవి నుంచి మావయ్య తొట్టిలో జిగురుతీగ అంట్లు తెప్పించి, పదకొండు ప్రహరీల పక్కనా అత్తయ్యే పాతింది. అవి పూతకు రావడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆమె గోడ ఎక్కి గుడ్లు కట్టింది. నాలుగో ఏడు ఎక్కి చూస్తే గుడ్లన్నీ కట్టే ఉన్నాయి. ఆమె కట్టిన ముళ్ళకంటే చక్కని ముళ్ళు. దిగి వచ్చి తాడు చుట్టి బీరువా మీద పడేసింది.

వాలిన నేల మళ్ళీ సమం కాలేదు. గుండీలు ఇప్పటికీ దొర్లుతాయి. ఆరేసిన బట్టలకు మళ్ళీ జిగురంటుతోంది. నిన్న ఒకాయన కొత్త చొక్కా భుజం మీద మూడు పువ్వులతో వచ్చి, "ఏంటమ్మా ఇది, ఈ తీగ పీకించరాదూ?" అని గొడవపడ్డాడు. అత్తయ్య తడిబట్ట తీసుకుని ఒక్కొక్క పువ్వూ మెల్లగా ఊడదీసింది. మరక అలాగే ఉండిపోయింది.

"ఉతికితే పోతుంది," అంది ఆయనతో. "పోకపోతే మళ్ళీ తీసుకురండి, కొత్త భుజం వేసిస్తా. తీగ జోలికి మాత్రం రాకండి."