గోడ పక్కన తంగేడు పెంచిన కాక

కాక పోయాడన్న కబురు వాళ్ళబ్బాయి ఫోనులో చెప్పాడు. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల అయిదింటికి. ఇంకా ఆసుపత్రిలనే ఉన్నం" అన్నాడు. నేను పొయ్యి ఆపి కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. తొలివాన ఇంకా పడలేదు, ఈ ఏడు తంగేడు ఎవరు కత్తిరిస్తారు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన నాకు బాబాయి కాదు, చుట్టం కూడా కాదు. సూరత్ శివారు వడోద్‌లో మా ఇళ్ళ సొసైటీ వెనక వరుసలో మొదటి ఇల్లు వాళ్ళది. దాని ఎదుట మేడ మీద మేముంటాం. మా వారి బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని నిజామాబాదు నుంచి సూరత్ తెచ్చింది. కాకను సిరిసిల్ల నుంచి మరమగ్గాలు తెచ్చాయి. నలభై ఏళ్ళు ఆ చప్పుడులో నిలబడి చెవులు సగం పోయాయి. ఆయన మామూలుగా మాట్లాడినా రెండు వీధులకు వినిపించేది. గుజరాతీలూ బాబాయిని కాక అనే అంటారు కాబట్టి సొసైటీ మొత్తానికి ఆయన కాకే.

ఆయన నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించని మనిషి అని రాయలేను. అలా రాస్తే అబద్ధం అవుతుంది. ఆయన మొండివాడు. ఆ మొండితనం వల్ల మాకు దక్కినదాని గురించే ఇది రాస్తున్నాను.

తెలంగాణ నుంచి వచ్చిన ఆడవాళ్ళం ఇక్కడ చాలా ఏళ్ళు బతుకమ్మను ఉత్త బంతిపూలతో పేర్చాం. తంగేడు ఇక్కడ లేక కాదు. గుజరాత్‌లో దాన్ని ఆవళ్ అంటారు. రోడ్ల పక్కన పిచ్చిగా పెరుగుతుంది, దాని పుల్లలతో పళ్ళు తోముకుంటారు. అలాంటి పూలను బజారులో ఎవరు అమ్ముతారు? కోసుకురావాలంటే మాకు నగరం దాటి కిమ్ అనే ఊరి దాకా పోవాలి. రద్దీ రైల్లో తెచ్చేసరికి రేకులన్నీ రాలి కాడలు మిగిలేవి. ఒక ఏడు చిన్నమ్మ, అంటే కాక భార్య, పేర్చిన పళ్ళెం వంక చూసి "తంగేడు లేంది గిదేం బతుకమ్మ, బంతిపూల కుప్ప" అంది. కాక విన్నాడు. ఆయనకు వినిపించకూడనివే వినిపిస్తాయని చిన్నమ్మ ఎప్పుడూ అనేది.

మరుసటి వారం కిమ్ నుంచి నడుమెత్తు మొక్క ఒకటి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. చిన్నమ్మ గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది: "పెండ్లయి ఇన్నేండ్లల్ల ఒక్కనాడు మూరెడు పూలు దేలే. ఇయ్యాల చెట్టే వట్టుకొచ్చిండు, సూడుండ్రి!"

ఆ మొక్క పది రోజుల్లో ఎండిపోయింది. రెండోదీ ఎండింది, మూడోదీ ఎండింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. తంగేడు మధ్యనే పుట్టి పెరిగిన మాలో ఒక్కరికి కూడా తంగేడు పెంచడం తెలియదు. ఊళ్ళో దాన్ని ఎవరూ నాటరు. గట్ల మీద, గుట్టల మీద దానంతట అదే ఉంటుంది, వెళ్ళి కోసుకుంటాం, అంతే. ఇక్కడ మాత్రం బంతిని పెంచినట్టే దీన్నీ పెంచబోయాం. తవ్వి తెచ్చి, ఎరువు వేసి, రెండు పూటలా నీళ్ళు పోశాం. దాని తల్లివేరు నిలువునా లోతుకు పోతుందని, అది తెగితే మొక్క బతకదని మూడు మొక్కలు చచ్చాక గానీ కాకకు తట్టలేదు.

అప్పుడు గింజలు తెచ్చాడు. ఆ గింజ రాయిలా ఉంటుంది, నెల్లాళ్ళు మట్టిలో ఉన్నా కదలలేదు. మరమగ్గంలో నేసిన బట్టను లాగే రోలరుకు గరుకు కాగితం చుట్టి ఉంటుంది. అరిగిన ఆ కాగితం ముక్క ఒకటి కాక దగ్గర ఉండేది. దాని మీద ఒక్కో గింజనూ బొటనవేలితో రుద్ది, పైపొర తెల్లబడ్డాక వేడినీళ్ళలో నానేశాడు. తెల్లారేసరికి గింజలు ఉబ్బాయి. సొసైటీ వెనక గోడ పొడవునా మూడడుగుల వెడల్పు నేల ఉంది. వానాకాలంలో నీళ్ళు వదలని నల్లమట్టి అది. అందులో పగిలిన ఇటుకలు, కంకర, ఇసుక కలిపి వాటిని నాటాడు. పన్నెండు నాటితే తొమ్మిది మొలిచాయి. ఇంటి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో తంగేడుకు ఒక భాగం నేను అప్పుడే మొదలుపెట్టాను.

ఆ తొమ్మిది ఆరయింది నా వల్లే. కాక రెండు వారాలు ఊరికి పోతూ "నీళ్ళు జర తక్కువ పొయ్యి బిడ్డా" అని నాకు అప్పగించాడు. నేను రోజు విడిచి రోజు పోశాను, తేదీలతో సహా రాసుకున్నాను. ఆయన తిరిగి వచ్చేసరికి మూడు మొక్కలు మొదట్లో కుళ్ళి వాలిపోయాయి. నా పుస్తకం తీసుకుని వేలు పెట్టి చదివాడు.

"మస్తు రాసినవ్ బిడ్డా. ఏ దినం ఎన్ని చెంబులు వోసి సంపినవో అంత ఉన్నది గీడ."

నేను ఏడుపు ముఖం పెడితే గట్టిగా నవ్వాడు. "గిది ముద్దు జేసే మొక్క గాదు. జర దూప కానియ్యి దానికి. దూపయితెనే ఏరు కిందికి వోతది." దాహం గురించిన ఆ మాట కూడా తేదీ వేసి రాసుకున్నాను. మా పిల్లలను పెంచేటప్పుడు ఆ పేజీ చాలాసార్లు తీశాను.

మిగిలిన ఆరూ మనిషెత్తు పొదలయ్యాయి. తొలివాన పడగానే వాటిని మోకాలెత్తుకు నరికేవాడు. కొత్త కొమ్మల చివరే పూలు గుత్తులుగా పూస్తాయి కాబట్టి అప్పుడు నరికితేనే బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు నిండుగా ఉంటాయి. ఆకులకు పచ్చపురుగులు పడితే నన్ను ఏరనిచ్చేవాడు కాదు. "తిననియ్యి, పండుగకు సీతాకోకచిలుకలై వస్తయి" అనేవాడు. నిజంగానే వచ్చేవి.

నాలుగేళ్ళ కిందట సొసైటీ కమిటీ ఆ నేల మీద పలకలు పరిచి బండ్లు పెట్టుకోవాలనుకుంది. మా సొసైటీ సెక్రటరీకి సలాబత్‌పురా బజారులో చీరల దుకాణం ఉంది. ఆయన కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. కాక తన మంచం తెచ్చి పొదల ముందు అడ్డంగా వేసి పడుకున్నాడు.

"కాకా, ఎవరినడిగి పెట్టావు ఈ ఆవళ్‌ను?" అని హిందీలో అడిగాడు సెక్రటరీ.

"ఎవ్వరినీ అడగలే! అడగకుండ వెట్టినోన్ని, నన్నడగకుండ ఎట్ల తీస్తరు?" అని కాక తెలుగులోనే అరిచాడు. సెక్రటరీకి మాట అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైంది. మూడు రోజులు ఆ మంచం అక్కడే ఉంది. చివరికి సెక్రటరీ చేతులెత్తి "సరే, కాక ఉన్నంత వరకు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ మాటకు ఒక గడువు ఉందని ఆ రోజు మాకు తోచలేదు.

కాక పోయిన అయిదో రోజు సెక్రటరీ మా మెట్ల దగ్గర నన్ను ఆపాడు. ఇక్కడ ఆడవాళ్ళను బెన్ అని, అంటే అక్కా అని, పిలుస్తారు. "బెన్, కాక మంచి మనిషి. ఇక ఆ పొదలెవరికి? పలకలు పరచమని చెప్పేస్తాను" అన్నాడు. నేను తల దించుకుని, దినాలు కానివ్వండి అన్నాను. ఇంట్లోకి వచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. కాక అయితే వీధి అదిరేలా అరిచేవాడు.

దినాలయ్యాక వాన పడింది. నేను కొడవలి పట్టుకుని వెళ్ళాను. అదివరకు ఎప్పుడూ నరకలేదు. చిన్నమ్మ పీట వేసుకుని కూర్చుంది. తెల్ల ముఖంతో, బొట్టు లేని నుదుటితో కూర్చుని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. "గంత పైనేంది? ఇంకా కిందికి కొయ్యి. ఆయన గిట్ల భయపడుకుంట కోస్తుండెనా?" ఆరూ నరికేసరికి మోకాలెత్తు మోళ్ళు మిగిలాయి. ఇద్దరం వాన నీళ్ళలో తడిసి ఉన్నాం. ఏవి కన్నీళ్ళో చూసేవాళ్ళకు తెలిసే వీల్లేదు.

అప్పుడే సెక్రటరీ గొడుగు వేసుకుని వచ్చాడు. మోళ్ళను చూసి ముఖం విప్పారింది. "మీరే తీసేశారా బెన్! చాలా మంచి పని చేశారు. వేళ్ళు వానలు తగ్గాక తవ్విద్దాం" అన్నాడు. నేను ఏమీ అనలేదు. చిన్నమ్మ నా వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాక పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

మౌనంతో గెలవడం కాక పద్ధతి కాదని నాకు తెలుసు. శ్రావణంలో చిగుళ్ళు నడుమెత్తు లేచి మొగ్గలు కనిపించాక సెక్రటరీ మళ్ళీ వచ్చాడు. "బెన్, ఇది మోసం" అన్నాడు.

ఈసారి తల దించలేదు. "మోసమే అనుకోండి. ఆ రోజే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను. కాక ఉన్నంత వరకు అన్నారు కదా. ఇక నేనున్నంత వరకు అని రాసుకోండి. మంచం మా ఇంట్లోనూ ఉంది" అన్నాను. నా గొంతు కింది అంతస్తుల దాకా వినిపించిందని తర్వాత మా వారు చెప్పారు. సెక్రటరీ "మీ వాళ్ళందరూ ఇంతేనా" అని వెళ్ళిపోయాడు.

ఆరు పొదల కోసం ఇంత పట్టుదలా అని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. ఈ ఊళ్ళో మేము అన్నీ అడిగే తెచ్చుకుంటాం. బతుకమ్మ ఆడుకునే చోటును కూడా, వాళ్ళ నవరాత్రి గర్బా ఆటకు ముందు ఒక్క సాయంత్రం ఇమ్మని అడుగుతాం. అడగకుండా మాకు దొరికింది ఆ మూడడుగుల నేల ఒక్కటే. దాన్ని ఇచ్చి వెళ్ళిన మనిషికి నేను చేయగలిగింది దాన్ని వదలకపోవడమే.

ఎల్లుండి పెత్తరమాస. గోడ కనిపించనంతగా పూసింది. సెక్రటరీ ఇప్పటికీ తన స్కూటరును ఆ పొదల పక్కనే పెడతాడు. ఈ ఉదయం వాన వెలిశాక చూస్తే సీటంతా పసుపు రేకులు. ఆయన విసుక్కుంటూ చేతిరుమాలుతో సీటు తుడుచుకుని, దుకాణానికి బయల్దేరాడు. వెనక చక్రం మీది మడ్‌గార్డు సంగతి చూసుకోలేదు. తడికి అంటుకున్న తంగేడు రేకులతో ఆ స్కూటరు గేటు దాటి, సలాబత్‌పురా వైపు తిరిగి, బండ్ల మధ్య చాలా దూరం దాకా పసుపుపచ్చగా కనిపిస్తూనే ఉంది.